నాట్ యెట్

ఇంగ్లీషు మాస్టారు పాక్ సుబెఖీకి మళ్ళీ ఒళ్ళు మండింది. (మా ఊళ్ళో ‘పాక్’ అంటే అయ్యగారు, ‘ఇబు’, ‘బు’ అంటే అమ్మగారు.)

"ఇబు, ‘ఆర్ యూ ఎ డాక్టర్?’ అని ప్రశ్న ఇచ్చాను. మీరేం జవాబు రాశారు?"

"నాట్ యెట్ అని రాశాను, పాక్ గురు" అంది బు తర్సీనా.

క్లాసంతా గొల్లుమంది.

"తెగాల్ స్టేషన్ బయట సోయా తాహు ముక్కలు వేయించి అమ్ముతున్నారు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఇంక డాక్టరెప్పుడవుతారండీ మీరు?"

"ఏమో పాక్ గురు. ఇప్పటికైతే అవలేదు కదా."

సుబెఖీ ఎర్ర పెన్ను తీసి ‘యెట్’ని అడ్డంగా కొట్టేశాడు. కాగితం చిరిగింది.

వారానికి మూడు రోజులు, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, వార్డు ఆఫీసు వెనక గదిలో ఈ ఇంగ్లీషు క్లాసు. ఒక్కొక్కరూ పది వాక్యాలు రాసుకు రావాలి. సుబెఖీ దిద్దాలి. పన్నెండు మంది పుస్తకాలు దిద్దడానికి అరగంట పట్టేది. పదమూడోది బు తర్సీనాది. దానికి ఇంకో అరగంట.

నూనె మరకల పుస్తకం అది. ఏ పేజీ తెరిచినా యెట్. ‘నాకు ఇంకా కారు లేదు.’ ‘నేను ఇంకా లండన్ చూడలేదు.’ సరే, వాటినైనా ఎలాగోలా సహించవచ్చు. ఒకరోజు ‘మై క్యాట్ ఈజ్ నాట్ యెట్ ఎ డాగ్’ అని రాసుకొచ్చింది. మా పిల్లి ఇంకా కుక్క కాలేదు. ఆ రోజు సుబెఖీ పెన్ను మూసేసి, కిటికీ దగ్గర నిలబడి ఒక కప్పు టీ మొత్తం తాగాడు.

తప్పు ఆమె ఒక్కదానిదే అనడానికీ లేదు. మా ఊళ్ళో మొహం మీద ‘లేదు’ అనేవాణ్ణి మర్యాద తెలియనివాడంటారు. పెళ్ళయిందా అని అడిగితే ఎనభై ఏళ్ళ బ్రహ్మచారి కూడా ‘బెలుమ్’ అంటాడు, ఇంకా కాలేదని. ఆ అలవాటే ఇంగ్లీషులోకీ దూరింది. మిగతావాళ్ళు నెల తిరక్కుండా మానుకున్నారు. ఈవిడ ఎనిమిది నెలలైనా మానుకోలేదు.

ఎందుకు నేర్చుకుంటున్నదో చేరిన రోజే చెప్పింది.

"బయటి దేశం కంపెనీ ఒకటి నాకు ఉత్తరం రాసింది, పాక్ గురు. అందులో తప్పుంది. దిద్ది తిప్పి పంపాలి."

సుబెఖీకి నవ్వాగలేదు. "ఇలా తెండి, నేను చూసిపెడతాను."

"వద్దు. నేనే దిద్దాలి. నిజమే, తప్పు రాశామని వాళ్ళు ఒప్పుకోవాలి. అంత బాగా రావాలి నాకు."

"ముందు నీ పిల్లిని కుక్కని చెయ్యక్కా, తర్వాత కంపెనీని దిద్దుదువుగాని" అనేది, పిల్లి సంగతి తెలిసినప్పటి నుంచీ, పక్కన కూర్చునే దర్జీ రొఖయా. తర్సీనా పుస్తకం మీదకి వంగేది. పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గర నిలబడి వచ్చిన మనిషి, కునుకుపాట్లు పడుతూనే రాసుకునేది. క్లాసు మాత్రం ఒక్కటీ మానలేదు.

ఆమెకూ విసుగెత్తిపోయింది. ఒకసారి పుస్తకం బల్ల మీద విసిరికొట్టింది.

"నేను ఏం రాసినా తప్పంటారు. వాళ్ళు రాస్తే మాత్రం ఒప్పేనా? ఇంగ్లీషు వస్తే చాలా, ఏదైనా రాసెయ్యొచ్చా?"

"ఎవరు రాసినా తప్పు తప్పేనండీ. వ్యాకరణానికి మీరూ ఒకటే, కంపెనీ ఒకటే."

ఆ మాట ఆమెకు నచ్చినట్టుంది. పుస్తకం మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

డాక్టరు సంగతి అయిన తర్వాతి క్లాసుకి, పేజీలో ఒక్కటే వాక్యం ఉంది.

‘హీ వజ్ నాట్ ఫౌండ్.’ అతను దొరకలేదు.

"పది రాయమంటే ఒక్కటేనా, ఇబు?"

"ఇది ఒక్కటీ బాగా చూడండి, పాక్ గురు. తొందరపడకండి."

సుబెఖీ చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. కర్త సరిగ్గా ఉంది. కాలం సరిగ్గా ఉంది. అన్నిటికన్నా మించి, ఎక్కడా యెట్ లేదు.

"అల్‌హమ్‌దులిల్లాహ్! ఒక్క తప్పు లేదు!"

తర్సీనా మొహం వాడిపోయింది.

"ఉంటుంది. మళ్ళీ చూడండి."

"లేదంటుంటే వినరేం?"

"చివర్న యెట్ పెట్టాలేమో."

ఎనిమిది నెలల కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చింది సుబెఖీకి.

"ఇబు! యెట్ పెడితే ఇంకా వెతుకుతున్నారనీ, రేపో మాపో దొరుకుతాడనీ అర్థం వస్తుంది. ఇక్కడ వెతకడం అయిపోయింది. మాట ముగించి చుక్క పెట్టేశారు. బుర్రకెక్కిందా?"

"పెడితే తప్పా?"

"తప్పే. ముమ్మాటికీ తప్పే."

"కంపెనీవాళ్ళు రాసినా?"

"ఎవరు రాసినా!"

సుబెఖీ ఎర్ర పెన్నుతో పదికి పది వేశాడు. కింద రెండు గీతలు కూడా గీశాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. రొఖయా అయితే లేచి ఆమెను కావలించుకుంది.

"ఇంత చక్కని వాక్యం ఎలా రాశారు ఇబు? ఎన్నాళ్ళు పట్టింది?"

బు తర్సీనా పుస్తకం దగ్గరకి లాక్కుంది. ఆ ఎర్ర అంకెల వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ వాక్యం ఆమె రాసింది కాదు, మూడేళ్ళ కిందట చేపల ఓడ మీంచి సముద్రంలో పడిపోయిన ఆమె కొడుకు గురించి కంపెనీ రాసింది.