పేల్ కట్టకు అవతల

"ఆగాగు! ఆ కాలు లోపల పెట్టకు!"

నోరీన్ అరుపుకి గడప మీది మనిషి ఒంటికాలి మీదే నిలబడిపోయాడు.

బూట్లకు మోకాళ్లదాకా బురద. కోటు నుంచి ధారగా నీళ్లు. వెనక వీధంతా ఐర్లండు వాన.

"దారిలో ఒక గొర్రె కాలువలో పడితే లాగానండీ. మీ పబ్బులో కాస్త వేడి టీ దొరుకుతుందేమోనని..."

"నిన్నయితే దొరికేది బాబూ. ఇవాళ నేల తుడిచాను."

ఆ వారం బాలిక్రోన్‌లో ఎవరి నేల మీదా ఎవరూ నడవడం లేదు. శుభ్రమైన ఊళ్ల పోటీ నడుస్తోంది. న్యాయనిర్ణేత చెప్పాపెట్టకుండా వస్తాడు, ఊరు చూస్తాడు, తానెవరో చెప్పకుండానే పోతాడు.

నోరీన్ తాపత్రయం గెలిచిన ఊరికిచ్చే ఉత్త కప్పు కోసం కాదు. ముసలి డాక్టరు పని మానుకుని వెళ్లాక ఊళ్లో వైద్యమన్నది లేదు. మొగుడు ఫింటన్ దగ్గుకు మందు కావాలన్నా బస్సెక్కి పట్నం పోవాలి.

"కప్పొస్తే ఊరికి పేరొస్తుంది. పేరొస్తే డాక్టరొస్తాడు" అని ఆమె సిద్ధాంతం. ఆ ధైర్యంతోనే ఎదురుగా ఖాళీగా ఉన్న డాక్టరింటికి పసుపు రంగు వేయించింది.

లోపల ఫింటన్ దగ్గాడు.

గడప మీది మనిషి చెవి రిక్కించాడు. "ఆ దగ్గు చాలా రోజులదా?"

"దగ్గు పాతదే. నేలే కొత్తగా తుడిచింది."

"పోనీ, వాన తగ్గేదాకా ఆ ఎదురింటి మెట్టు మీద కూర్చుంటాను."

"అమ్మో! అది రాబోయే డాక్టరుగారిది. రంగింకా ఆరలేదు."

"మరి నన్నెక్కడికి పొమ్మంటారు?"

నోరీన్ వీధి చివరికి వేలు చూపించింది. "అదిగో, పేల్ కట్ట. దాటితే నాక్‌బాన్. అక్కడ పెగ్ అని ఒకావిడ టీ కొట్టు పెట్టుకుంది. వాళ్లకు బురద అలవాటే."

ఆ కట్ట ఈనాటిది కాదు. వెనకటికి ఇంగ్లీషు రాజుల మనుషులు డబ్లిన్ చుట్టూ ఇలాగే కట్టలు పోసి, కందకాలు తవ్వి, గుంజలు పాతి, లోపలిదంతా మాదన్నారు. గుంజను పేల్ అనేవారు. లోపల మర్యాదస్థులు, బయట మోటువాళ్లు. ఇప్పటికీ ఎవడైనా హద్దు మీరితే ఇంగ్లీషులో 'బియాండ్ ద పేల్' అంటారు, పేల్ దాటిపోయాడని.

ఆ మాట తమ కట్ట మీదే పుట్టిందని బాలిక్రోన్ వాళ్లు ఒట్టేసి చెబుతారు. పండితులు ఒప్పుకోరు. పండితులంతా కట్ట అవతల పుట్టినవాళ్లయి ఉంటారని నోరీన్ అనుమానం.

రాజులు పోయారు. గుంజలు పుచ్చిపోయాయి. లోపలివాళ్లమన్న గర్వానికి మాత్రం చెద పట్టలేదు.

"అయితే కట్ట దాటాల్సిందేనన్నమాట" అని నవ్వి, ఆ మనిషి వానలోకి దిగి వెళ్లిపోయాడు.

"పాపం, తడిసి ముద్దయ్యాడే. కాస్త టీ పోస్తే ఏం పోయేది?" అన్నాడు ఫింటన్.

"కప్పు పోయేది."

కాసేపటికి ఇంకొకాయన వచ్చాడు. నలగని సూటు, చేతిలో నల్ల సంచీ. గడప దగ్గర ఆగి బూట్లు ఒకటికి రెండుసార్లు తుడుచుకున్నాడు.

న్యాయనిర్ణేత ఈయనేనన్నట్టు నోరీన్ మొగుడికి కన్నుగీటింది. "రండి సార్, రండి!"

వేడి సూపు వచ్చింది. వెన్న రాసిన సోడా రొట్టె వచ్చింది. ఆపిల్ టార్టు రెండుసార్లు వచ్చింది. ఆయన దేన్నీ వద్దనలేదు.

"నేల అద్దంలా ఉంది మేడమ్."

"ఏదో సార్, రోజూ తుడిచినట్టే! మరి ఊరు?"

"ఊరూ బాగుంది. ఒక్కటే లోటు."

నోరీన్ గబగబా బల్లను ఇంకోసారి తుడిచింది.

ఆయన సంచీ తెరిచాడు. "కాళ్లు తుడుచుకునే పట్టాలు మేడమ్. గుమ్మానికొకటి ఉండాలి. మూడు రంగుల్లో అమ్ముతున్నాను."

ఫింటన్ నవ్వీ నవ్వీ దగ్గుతో మెలికలు తిరిగిపోయాడు.

అయినా కప్పు బాలిక్రోన్‌కే వచ్చింది. న్యాయనిర్ణేత ఎప్పుడొచ్చాడో, ఎవరి గుమ్మం ముందు నిలబడ్డాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఊరంతా పబ్బులో చేరింది. కప్పును పై అరలో పెట్టడానికి నోరీన్ స్టూలెక్కింది. అద్దంలాంటి ఆ నేల మీద స్టూలు జర్రున జారింది.

కప్పుకేం కాలేదు. నోరీన్ చీలమండ బూరెలా పొంగింది.

"ఇవాళ్టికి బస్సు లేదు" అన్నాడు ఫింటన్. "నాక్‌బాన్‌లో కొత్త డాక్టరు దిగాడట. పెగ్ కొట్టు పక్క వాటాలో."

"కప్పు మనకొచ్చి డాక్టరు వాళ్లకొచ్చాడా? ఇదెక్కడి న్యాయం?"

"న్యాయం తర్వాత చూద్దువుగాని, ముందు బండెక్కు."

బొగ్గులు మోసే తోపుడుబండిలో, ఒళ్లో కప్పుతో, నోరీన్ తన జన్మలో మొదటిసారి పేల్ కట్ట దాటింది.

పెగ్ ఎదురొచ్చింది. "రా నోరీన్, రా! బండితో సహా లోపలికొచ్చెయ్యి. మా నేల ఏమీ అనుకోదు."

నోరీన్ చూపు డాక్టరు గుమ్మం పక్కన ఉన్న బూట్ల జత మీద పడింది. వాటికి మోకాళ్లదాకా ఎండిన బురద.

"బండి వెనక్కి తిప్పు" అంది గొంతు తగ్గించి.

ఎందుకని అడగబోయిన ఫింటన్‌కు మాటకు బదులు దగ్గొచ్చింది.

లోపల్నుంచి డాక్టరు గొంతు వినిపించింది: "ఆ దగ్గు ఇంకా తగ్గలేదా?"