కార్డుకు తెలియనిది లేదు

సెల్ టింగుమంది. తక్ సొంగ్మాన్ కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"దల్లె కూరల కొట్టు. తొమ్మిది వేల వన్లు."

"మళ్ళీ వండిన కూరలే కొంది మహారాణి" అన్నాడు గోడతో. ఆ వేళప్పుడు ఇంట్లో వినేవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

సొంగ్మాన్ నీళ్ళ ఆఫీసులో సెక్షన్ అధికారిగా రిటైరయ్యాడు. తనిఖీ చేయడానికి గుమాస్తాలు మిగల్లేదు కాబట్టి ఇప్పుడు భార్య చూ గిల్జాను తనిఖీ చేస్తున్నాడు. ఆమె చేతికి వన్ల నోటు ఒక్కటీ ఇవ్వడు. తన ఖాతాకు తగిలించిన కార్డు ఇచ్చాడు. ఆమె చూయింగ్ గమ్ కొన్నా ఆయన జేబులో సెల్ మోగుతుంది.

"నోటుకు నోరుండదు, ఎక్కడికెళ్ళిందో చెప్పదు. కార్డయితే పూసగుచ్చినట్టు చెబుతుంది" అనేది ఆయన సిద్ధాంతం. పార్కులో చదరంగం ఆడే స్నేహితులకు రోజూ దాన్ని బోధించేవాడు. పెళ్ళాం లెక్కపెట్టి ఇచ్చిన నోట్లతో వచ్చే ఆ మగమహారాజులు కిక్కురుమనకుండా వినేవారు.

ఒకసారి గిల్జా నోరు తెరిచి అడిగింది. "నా చేతిలో నావంటూ నాలుగు డబ్బులుంటే బాగుంటుందండీ."

"నీకేం ఖర్చు? నేను లేనా?" అని నవ్వేశాడు సొంగ్మాన్. ఆమె మళ్ళీ అడగలేదు. అడగనందుకు ఆయన ఆమెను మెచ్చుకున్నాడు కూడా.

ఆమె తెల్లవారకముందే చర్చి ప్రార్థనకని వెళ్ళేది. అటునుంచటే ఏదో సేవ ఉందని మధ్యాహ్నం మూడింటికి వచ్చేది. దాని గురించి సొంగ్మాన్ ఏనాడూ ఆరా తీయలేదు. సెల్ మోగడం లేదు, ఖర్చు లేదు. ఖర్చు లేని భక్తికి ఆయన ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

అడ్డల్లా ఈ కూరల దగ్గరే వచ్చింది.

"కూరగాయల అంగడిలో మొన్న అరవై వేలు, నిన్న డెబ్భై వేలు. మనమున్నది ఇద్దరం. ఇంట్లో ఏనుగునేమైనా పెంచుతున్నావా?"

"కిమ్చీ ఊరగాయ పెట్టొద్దాండీ?" అంది గిల్జా.

"మరి అన్ని కొని, మళ్ళీ ఆ దల్లె కొట్టులో వండినవెందుకు కొంటున్నట్టు?"

"నేను వండితే మీరు తినరు కదండీ."

అది నిజం. ముప్ఫయ్యేళ్ళుగా ఆమె వంటకు వంక పెట్టని పూట లేదు. ఉప్పెక్కువ, లేకపోతే కారం తక్కువ. దల్లె కొట్టు డబ్బా మూత తీస్తే మాత్రం మనిషి మారిపోయేవాడు. ముల్లంగి కిమ్చీ కరకరలాడిస్తూ, తామరదుంపల కూర గిన్నె అడుగు దాకా ఊడ్చేవాడు.

"చూశావా, చెయ్యంటే ఇదీ. నువ్వూ ఉన్నావు" అనేవాడు.

"పొరుగింటి పుల్లకూర రుచి లెండి."

"ఏడుపెందుకు? ఉన్నమాటన్నాను. ఆవిణ్ణి కట్టుకున్నవాడు పెట్టిపుట్టాడు."

"ఏమోనండీ" అనేసి గిల్జా గిన్నెలు తీసేది.

తింటూ తింటూ ఉండగా సొంగ్మాన్‌కు ఒక ఆలోచన వచ్చింది. రిటైరైనప్పుడు వచ్చిన అయిదు కోట్ల వన్లు బ్యాంకులో నిద్రపోతున్నాయి. వచ్చే వడ్డీ కాఫీకి కూడా చాలదు. సొంతంగా కోడిమాంసం హోటలు పెట్టిన స్నేహితుడు ఏడాది తిరక్కుండానే ఇల్లమ్ముకున్నాడు. ఆ భయంతో రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదు. ఈ దల్లె కొట్టావిడ దగ్గర ఆ డబ్బుతో సగం వాటా పుచ్చుకుంటే? రుచి తనకు తెలుసు, గిరాకీ సెల్ చెబుతోంది. ఇంట్లో చెప్పలేదు. ఆడవాళ్ళకు వ్యాపారమేం తెలుస్తుంది?

మర్నాడు సాయంత్రం కోటు తొడుక్కుని బజారుకెళ్ళాడు. కొట్టు ముందు జనం బారులు తీరి ఉన్నారు. ఆయన గుండె నిండిపోయింది. గల్లా దగ్గర ఎర్ర ఆప్రన్ కట్టుకున్న అమ్మాయి ఉంది.

"యజమానురాలితో మాట్లాడాలమ్మాయ్."

"మధ్యాహ్నమే వెళ్ళిపోయారండీ. నాతో చెప్పండి."

ముందు మర్యాదగా ఒక డబ్బా తామరదుంపల కూర కొని కార్డు ఇచ్చాడు. అమ్మాయి గీకింది. ఆయన జేబులోనే ఆయన సెల్ టింగుమంది. తర్వాత గొంతు సవరించుకుని విషయం చెప్పాడు. అయిదు కోట్లు, సగం వాటా, పైగా లెక్కలు తనే చూసిపెడతాడు.

"పేరేమని చెప్పమంటారు?"

"తక్ సొంగ్మాన్. నీళ్ళ ఆఫీసు సెక్షన్ అధికారి అని చెప్పు."

అమ్మాయి లోపలికెళ్ళి ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి పగలబడి నవ్వింది. బయటికి వచ్చేసరికి మొహం బుద్ధిగా పెట్టుకుంది.

"వాటాదారు వద్దన్నారండీ. ఇప్పటికే ఒకాయన పెట్టుబడి పెడుతున్నారట. సరుక్కీ ఆయన డబ్బే. రోజూ కూర కొనేదీ ఆయనేనట. లాభంలో పైసా అడగరట. ఆయన చాలన్నారు."

సొంగ్మాన్‌కు ఒళ్ళు మండింది. కళ్ళముందు బంగారం లాంటి బేరం పోతోంది.

"అలాంటి వెర్రివెంగళప్ప ఎక్కడ దొరికాడమ్మాయ్ మీ ఆవిడకు?"

"ఇంట్లోనేనండీ" అని అమ్మాయి పెదవి కొరుక్కుంది.

ఆవిడ మొగుడన్నమాట. అంత చవటను పక్కకు తప్పించడం ఎంతసేపు? ఆవిడతోనే నేరుగా తేల్చుకోవాలనుకున్నాడు.

"సరే, ఆవిడ పేరు చెప్పు. ఉత్తరం రాస్తాను."

"రసీదు మీద ఉంటుంది కదండీ."

ఆ దేశంలో ఏ కొట్టు రసీదు మీదైనా యజమాని పేరు అచ్చై ఉంటుంది. చేతిలో సెల్ ఉండగా కాగితం ముక్కలెందుకని ఆయన ఇన్నేళ్ళూ రసీదు ముట్టుకోలేదు. ఇప్పుడు అందుకుని, చేయి చాపి దూరంగా పట్టుకుని, కొట్టు పేరు కింది వరస చదివాడు.

యజమాని: చూ గిల్జా.