ఎంగిలి కొమ్మ

ఆ మనిషి మామిడికొమ్మను నోట్లో పెట్టుకోగానే లక్ష్మీదేవమ్మ చీదరగా మొహం తిప్పుకుంది.

యాడికి ఊళ్లోని ఆమె పెరట్లో ఒక నాటు మామిడి మొక్క ఉంది. దానికి పుట్టింటి చెట్టు కొమ్మతో అంటు కట్టించుకోవాలని ఆమెకు ఎన్నాళ్లుగానో ఆశ.

ముదిగుబ్బ దగ్గర నాయన పెంచిన చెట్టది. నాయన పోయాక పొలం అమ్మేశారు గానీ, చెట్టు గట్టు మీద అలాగే నిలబడింది. దాని టెంక నాటి పెంచితే పుల్లటి కాయలు కాసి ఆమెను ఏడిపించింది. ఆ తీపి కావాలంటే ఆ కొమ్మే కావాలి.

ఏటా తొలికాయ నాయనే కొరికి చూసేవాడు. తియ్యగా ఉంటే కోసి సగం కూతురి చేతిలో పెట్టేవాడు. మిగతా సగం తువ్వాలులో మూటగట్టుకుని బయటికి వెళ్లేవాడు. అది ఎవరికని ఆమె ఏనాడూ అడగలేదు.

పుట్టింటి ఊళ్లో ఉండే హనుమంతప్పకు ఫోన్ చేసి, అంటు కట్టడం తెలిసినవాడితో కొమ్మ పంపమంది. అతను పంపింది ఈ అవతారాన్ని.

మాసిన గడ్డం, బీడీ కంపు, దానికి తోడు గొర్రెల కంపు. వాకిట్లో నిలబడితే వంటింటిదాకా కొట్టింది. దాహమంటే గ్లాసు ఇవ్వడానికి మనసొప్పక దోసిట్లో పోసింది.

అతను కొమ్మ మొదలును చెక్కాడు. మొక్క తల కోసి చీల్చేలోపు ఆరిపోకూడదని దాన్ని పళ్ల మధ్య పట్టుకున్నాడు. చొంగ అంటిన ఆ కొమ్మనే చీలికలో దించి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టాడు.

చిగురు వేసేదాకా ముట్టుకోవద్దన్నాడు. కూలి ఇవ్వబోతే వద్దన్నాడు.

గడప దాటుతూ ఆగాడు.

"కాయ కాస్తే నాకొకటి పెడ్తావామ్మా?"

మొహం చూడు, ఆశ చూడు అనుకుంది.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, పట్టీ విప్పి కొమ్మను పీకేసింది. దారిన పోయేవాడి ఎంగిలితో కాసిన కాయను దేవుడి ముందు ఎలా పెట్టడం? తనెలా తినడం? ఛీ! వీధిలోకి విసిరేస్తే మేకొకటి వచ్చి నమిలేసింది. సబ్బు అరిగేలా చేతులు రుద్దుకున్నా అసహ్యం వదల్లేదు.

ఆ కోపంతోనే ఫోన్ చేసింది.

"ఏమప్పా హనుమంతప్పా, నీకు మనిషే దొరకలేదా? కొమ్మంతా ఎంగిలి చేసినాడు. పీకి పారేసినా. ఇంకోటి కోసి, శుభ్రమైన మనిషితో పంపు."



"యాడ్నుంచి పంపేదమ్మా? సోలార్ ప్లాంటు రోడ్డుకని నిన్ననే చెట్టు కొట్టేసినారు. మిషన్‌కు అడ్డంపడి, అందరితో తిట్లు తిని, ఆ ఒక్క కొమ్మ కోసుకోనొచ్చినాడు ఆయప్ప."

లక్ష్మీదేవమ్మ చేతుల నుంచి ఇంకా సబ్బు వాసన వస్తూనే ఉంది.

"వానికేం పట్టింది? ఎవరు వాడు?"

"పేరు వీరేష్. మీ నాయన తొలికాయలో సగం నీకిచ్చి, సగం తువ్వాల్లో కట్టుకోని పోతాండె గదమ్మా, ఆ సగం తిని పెరిగిన మీ నాయన కొడుకు."