దోర్కా అడిగిన మాంసం

బాణం దిగిన చెట్టు కంగారూ కొమ్మ మీంచి జారి నాచులో పడింది. గెసెంగ్ విల్లు దించాడు. ఆ కొండ మీద ఇక వేటాడబోమని చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒట్టు పెట్టుకున్నాయి. అడవికి కాపలా అతనే.

ఇంట్లో తల్లి దోర్కా మంచం పట్టి ఉంది. చిలగడదుంప కూడా మింగడం లేదు. పోయేలోగా చెట్టు కంగారూ మాంసం ఒక్కసారి తినాలని ఉందని నిన్న అడిగింది.

వెదురు బొంగులో ఆకుకూరతో కలిపి ఉడికించి, మెత్తగా చిదిమి నోట్లో పెట్టాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అతనికేమీ అనిపించడం లేదు.

దోర్కా చాలాసేపు నమిలింది.

"పంది కదరా ఇది?" అంది.

గెసెంగ్ ఆమె మూతి తుడిచాడు.

"నాకు తెలీదనుకున్నావా? అడిగానే గానీ రాత్రంతా కునుకు లేదు. కన్నతల్లినై ఉండి, నీ చేత ఒట్టు తీసి గట్టున పెట్టిస్తున్నానే అని. మంచి పని చేశావు నాయనా."

"పందేనమ్మా," అన్నాడు.

"చూడ్డానికొచ్చే వాళ్ళందరికీ చెప్తాను. తల్లి అడిగినా మాట తప్పలేదు మావాడని. ఊఁ, పెట్టు. ఆకలేస్తోంది."

గెసెంగ్ ఇంకో ముద్ద చిదిమి నోటికందించాడు.