తిప్పని రీలు

మా ఆయన మీడియం ఫార్మాట్ అనే పాతకాలం రీలు కెమెరాల వాట్సాప్ గ్రూపులో దానిమ్మపళ్ళ ఫొటో పెట్టారు. పళ్ళ వెనక ఒక ముసలి ముఖం పొగలా కనిపిస్తోంది. అందరూ ఎగబడి మెచ్చుకుంటున్నారు.

"ఏమంటున్నారు?" అన్నారాయన, తను చూడకుండానే ఫోన్ నా చేతికిచ్చి.

"ఇంత గొప్ప ఆలోచన ఎలా వచ్చింది గురువుగారూ అంటున్నారు."

ఆయన బల్ల మీది కెమెరా తీసి తుడవడం మొదలుపెట్టారు.

ఆ పాత కెమెరాలో ఫొటో తీయగానే రీలు చేత్తో తిప్పాలి. మరిచిపోతే తర్వాతి ఫొటో దాని మీదే పడుతుంది.

అత్తయ్య జన్మలో ఫొటోకి కూర్చోలేదు. "ఈ బోసినోటికి అదొక్కటే తక్కువ" అనేవారు. ఆ రోజు మాత్రం తనంతట తనే తల దువ్వుకుని కుర్చీలో కూర్చున్నారు. కెమెరా క్లిక్‌మన్న మరుక్షణం, "అన్నం చల్లారిపోతోంది, రండి" అని కేకేసింది నేనే. ఆయన తినేసి వెళ్ళి పళ్ళ ఫొటో తీశారు.

రీలు కడిగించేలోపే అత్తయ్య పోయారు. ఆవిడకున్న ఫొటో అదొక్కటే. ఆయన ఇంతవరకూ నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఫోన్ మళ్ళీ మోగింది. "ముఖం ఇంకాస్త తేటగా ఉండాల్సింది. ఆవిణ్ణి కూర్చోబెట్టి ఇంకోసారి తీయండి సార్" అని ఎవరో రాశారు.

"ఏమంటున్నారు?" అని మళ్ళీ అడిగారు.

దేవుణ్ణి తలుచుకుని, "బాగుందంటున్నారండీ" అన్నాను.