ఉడుత తోక, సొరబుర్ర

కుంట పక్కన తీగకు ఒక ఎండు సొరబుర్ర జానెడు ఎత్తులో వేలాడేది. ఆకలేసిన పిట్టలన్నీ దాన్ని ముక్కుతో కొట్టేవి. తీగ కదలగానే చీమలు వాటికి గింజలు తెచ్చేవి. బుర్ర చప్పుడుకే కప్పలు గోల చేసేవి. గోల విని పాము వచ్చేది.

గుడ్లు పొదుగుతున్న బాతు మూడు రోజులుగా పస్తులుంటోంది.

"కొడితే పాము, కొట్టకపోతే ఆకలి. ఎలా ఉడుతత్తా?" అంది బాతు, కొమ్మ మీది ముసలి ఉడుతతో.

"బుర్ర ఒకటేనమ్మా, గింజలూ పామూ రెండూ వస్తాయి. ఓర్చుకో," అంది కాకి.

"కొట్టే తీరు మార్చి చూశారా ఎవరైనా?" అంది ముసలి ఉడుత.

పాము అవతలి గట్టుకు పోయినప్పుడల్లా ఉడుత బుర్రను గోటితో గీకింది, పళ్లతో కొరికింది. ప్రతిసారీ కప్పలు అరిచాయి. చేసింది మర్చిపోకుండా కొమ్మ మీద గీతలు పెట్టుకుంది.

"గీతలెందుకే ముసలీ?" అంది కాకి.

"నిన్నటిదే ఇవాళా చెయ్యకుండా."

చివరికి తోకతో మెల్లగా ఊపింది. తీగ కదిలింది, చీమలు బారులు తీరాయి. కప్పలు కిక్కురుమనలేదు. బాతు కడుపునిండా తింది.

గుడ్లు పగిలాయి. పిల్లలన్నీ వెనక్కి తిరిగి, చిటికెడు తోకలతో బుర్రను ఊపుతుంటే ఉడుత గీతలన్నీ మర్చిపోయి నవ్వింది. కాకి అటూ ఇటూ చూసి, తనూ వెనక్కి తిరిగింది.