తెల్ల పొడి, నీలి చుక్క

"సీలు సరిగ్గా చూసుకోండి. తర్వాత విరిగి ఉందంటే నేను ఒప్పుకోను," అంటూ లాబు మేడం చిన్న ప్లాస్టిక్ పొట్లాన్ని బల్ల మీద పెట్టింది.

ప్లీడరు కళ్లజోడు పైకి తోసుకుని లక్క ముద్రను తిప్పి తిప్పి చూశాడు. పక్కన నిలబడ్డ కుట్టుమిషనావిడ మాత్రం పొట్లం వైపు చూడనే లేదు. అందులోని తెల్ల పొడి వల్లే ఆమె ఒక్కగానొక్క కొడుకు రెండేళ్లుగా జైల్లో మగ్గుతున్నాడు. మొదటి పరీక్షలో మత్తుమందని రాశారు. మళ్లీ పరీక్ష చేయించమంటూ ఆవిడ కాళ్లరిగేలా కోర్టు చుట్టూ తిరిగింది. "ఇంక నావల్ల కాదమ్మా" అని ప్లీడరు ఎన్నిసార్లు చేతులెత్తేసినా, తెల్లారేసరికి ఆయన గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. జిడ్డులా పట్టుకుందని మొదట్లో విసుక్కున్న ఆయనే, ఇప్పుడు ఆవిడ కోసం తన కేసులు రెండు వాయిదా వేయించుకుని వచ్చాడు.

"మొదట చూసినవాళ్లు తప్పు రాస్తారా మేడం?" అడిగిందావిడ.

"చుక్క పరీక్షతో సరిపెట్టి ఉంటారమ్మా. పొడి మీద ఒక రసాయనం చుక్క వేస్తే, మత్తుమందైతే నీలంగా మారుతుంది. మారగానే మత్తుమందని రాసేశారు. నీలంగా మారేవి ఇంకా ఉన్నాయి. అందుకే మిషన్లో పెట్టి చూడాలి. ఇక్కడ చూస్తే పొట్లాలు గుట్టలు, మనుషులు నలుగురు."

మేడం లోపలికి వెళ్లింది. ఇద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు.

"మీవాడు మొదటి రోజు నుంచీ ఒకే మాట మీదున్నాడు," అన్నాడు ప్లీడరు. "పచ్చబొట్లు వేసేటప్పుడు నొప్పి తెలియకుండా పూసే మందు అని. ఆ పచ్చబొట్ల దుకాణం వాడు భయపడి నాకేం తెలీదనేశాడు. అది సరే, మీవాడు దాన్ని ఇంట్లో బట్టల కింద దాచడమేంటి?"

"నా వల్లే. ఒళ్లు పొడిచి బతికేవాడు నా గడప తొక్కొద్దన్నాను. వాడు వినలేదు, దొంగచాటుగా నేర్చుకున్నాడు. రాత్రి ఎప్పుడో వచ్చేవాడు. కళ్లు ఎర్రగా ఉండేవి. అడిగితే కసిరేవాడు."

"అయినా ఇదంతా మీవాడి మీద పోలీసులకు ఫోన్ చేసిన ఆ పుణ్యాత్ముడి చలవ. 'ఒక్క ఫోన్ చేయండి, మీ పేరు బయటికి రాదు, పిల్లల్ని ఆసుపత్రిలో చేర్చి బాగుచేస్తాం' అని గోడల నిండా రాశారుగా! ఏ పక్కింటివాడికి కళ్లు కుట్టాయో. పోలీసులేమో పేరు కవర్లో పెట్టి సీలేసుకుని కూర్చున్నారు. వాడి జిమ్మడ!"

"తిట్టకండి బాబుగారూ."

"ఈ మెత్తదనమే మీ కొంప ముంచిందమ్మా," అన్నాడాయన. ఈ కాలంలో ఇంత మంచితనమా అని ఆయనకు జాలేసింది.

నాలుగు గంటలకు మేడం కాగితంతో వచ్చింది. "మత్తుమందు ఆనవాలే లేదు. పళ్లు పీకేటప్పుడు మొద్దుబారడానికి ఇస్తారే, ఆ మందు. మీ అబ్బాయి నిజమే చెప్పాడమ్మా."

ప్లీడరు వయసు మరిచి చప్పట్లు కొట్టాడు. ఆవిడ మాత్రం బెంచీ మీంచి జారి నేల మీద కూలబడింది. "నిజమే చెప్పాడా నా బిడ్డ? నిజమే చెప్పాడా?" అంటూ తల గోడకేసి కొట్టుకుంది. ఆనందం పట్టలేకపోతోందనుకుని ఆయన నీళ్లు తెచ్చి తాగించాడు.

పది రోజులకు కొడుకు విడుదలయ్యాడు. తిన్నగా తల్లితో కలిసి ప్లీడరు ఆఫీసుకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. జైల్లో ఎవరో కొట్టుకుంటుంటే మధ్యలో చిక్కుకుని కుడిచేతి వేళ్లు మూడు విరిగాయట. వంకరగా అతుక్కున్నాయి. ఇక ఆ చెయ్యి సూది పట్టలేదు.

"అందరూ వదిలేశారు సార్. కుదిరిన పెళ్లి కూడా పోయింది. అమ్మ ఒక్కతే నన్ను నమ్మింది. అమ్మే లేకపోతే అక్కడే కుళ్లిపోయేవాణ్ణి."

ఆవిడ తల దించుకుంది.

"ఇప్పుడేం చేస్తావురా అబ్బాయ్?"

"ఒక్కటే కావాలి సార్. నా మీద ఫోన్ చేసిందెవరో తెలియాలి."

"అదెంత పని! కేసే తప్పుడుదని తేలింది కదా, కవరు విప్పమని పిటిషన్ వేద్దాం. జడ్జిగారు కాదనరు." ప్లీడరు అప్పటికప్పుడు కాగితం తయారుచేయించి ముందుకు తోశాడు. "ఇక్కడ సంతకం పెట్టు."

కొడుకు కలం అందుకున్నాడు. వంకర వేళ్లలో అది నిలవలేదు, జారి నేల మీద పడింది. తల్లి వంగి తీసింది. అతను చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు.

"ఇటివ్వమ్మా."

"వద్దు నాన్నా. వదిలెయ్."

"ఎలా వదిలెయ్యనమ్మా? నా చెయ్యి విరిచేసింది వాడే. చంపను, కొట్టను, తిట్టను కూడా తిట్టను. ఒక్కసారి ఎదురుగా నిలబెట్టి ఎందుకు చేశావని అడగాలి. అంతే!"

"పోనీ మీరే చెప్పండమ్మా, కుర్రాడు అడిగేదాంట్లో తప్పేముంది?" అన్నాడు ప్లీడరు.

ఆవిడ కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ నడిచి వచ్చి, కొడుకు ఎదురుగా నిలబడింది.

"అడుగు నాన్నా, ఆ ఫోన్ చేసింది నేనే."